తల ఊపని వాళ్లు

మొన్న కొత్త టర్ము మొదటి రోజున ఫిల్మ్ నగర్ ఎత్తు ఎక్కి మా కాలేజీ గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల ఒక కారవాన్, దాని వెనక లైట్ల లారీ నిలబడి ఉన్నాయి. ఇందులో వింతేమీ లేదు. సెలవుల్లో షూటింగులకు అద్దెకివ్వడం మా కాలేజీకి పాత అలవాటే. సెలవులు అయిపోయాక వాళ్లను పొమ్మనడానికి మాత్రం ఒకటి రెండు రోజులు మొహమాటపడుతుంది. అయినా ఆ లారీని చూడగానే గేటు దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే రిటైరయ్యే ముందు నాకిది ఆఖరి టర్ము, అదీ మొదలవుతుందో లేదో ఇంకా తేలలేదు.

మా ప్రిన్సిపాల్ ఒకప్పుడు నా క్లాసులో కూర్చున్న అమ్మాయే. సెలవుల్లోనే పిలిచి సంగతి చెప్పింది. పిల్లలంతా మార్కులు బాగా పడతాయని సంస్కృతం తీసుకుంటున్నారు, నా తెలుగుకు ఎవరొస్తారో మొదటి రోజు క్లాసులోనే తెలుస్తుంది. "ఒక్కరొచ్చినా నడుపుదాం మాస్టారూ. ఎవరూ రాకపోతే మాత్రం పరీక్షల విభాగంలో కూర్చుందురుగాని. అక్కడ ఏసీ కూడా ఉందండీ," అంది ఎంతో ప్రేమగా. జీవితమంతా పాఠం చెప్పినవాణ్ణి చివర్లో చల్లటి చోట భద్రపరుస్తారన్నమాట. కూరగాయలకు కూడా మనం ఆ మర్యాద చేస్తాం.

మొన్న పొద్దున రెండు చొక్కాలు వేసి విప్పాను. మా ఆవిడ కాఫీ గ్లాసు చేతికిస్తూ, "పెళ్లిచూపుల నాడు కూడా ఇంత కంగారు పడలేదు మీరు," అంది. నిజమే, ఆ రోజు ఎదురుగా ఒక మనిషైనా కూర్చుంటుందని నమ్మకం ఉంది.

ఆ లారీ పక్కనుంచి నడుస్తుంటే ఈ కాలేజీలో నా మొట్టమొదటి రోజు గుర్తొచ్చింది. అప్పటికి ఫిల్మ్ నగర్‌లో ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువ, యూసుఫ్‌గూడలో కిరాయి గదిలోంచి బయల్దేరి, సగం దూరం బస్సు, మిగతా సగం దుమ్ములో నడక, చేతిలో గొడుగు, ముక్కు మీద మా నాన్న కళ్లజోడంత పెద్ద కళ్లజోడు వేసుకుని వచ్చి, పైన మూలగది అని ఎవరో చెబితే నేరుగా వెళ్లి తలుపు తోశాను. గది నిండా జనం. అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. వాళ్లలో కొందరికి జుట్టు నెరిసి, దానికి రంగేసి, ఆ రంగు కూడా పాతబడింది. ఈ ఊళ్లో చదువులు కాస్త ఆలస్యంగా మొదలవుతాయి కాబోలు అనుకున్నాను. కిటికీ అవతల వరండాలో ఇద్దరు వెండి రేకులు పట్టుకుని నిలబడితే ఎండకు చూరు వేస్తున్నారనుకున్నాను. వెనక బెంచీ మీద నల్లగుడ్డ కింద ఏదో యంత్రం ఉంటే కాలేజీ పత్రికకు ఫొటో తీస్తున్నారనుకుని, కొంచెం ఆ వైపు తిరిగి కూడా నిలబడ్డాను.

ఛందస్సు మొదలుపెట్టాను. గురువంటే ఏమిటి, లఘువంటే ఏమిటి, బోర్డు మీద రాసి చూపించాను. ప్రతి మాటకూ గది మొత్తం తల ఊపింది. అర్థమైందా అంటే ఊపింది, కాలేదా అన్నా ఊపింది. నా ప్రతిభకు నాకే కళ్లు చెమర్చే సమయానికి వెనకనుంచి ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చి, "ఏంటండీ, మేం అడిగింది మూగ షాట్. పెదాలు కదిపితే చాలు, పాఠమంతా చెప్పేస్తారేంటి?" అన్నాడు. ముందు వరసలో మల్లెపూలు పెట్టుకున్న ఒక పెద్దావిడ మాత్రం, "మంచిగ చెప్తుండు గదా, చెప్పనీయ్‌రాదు. ఇంకా ఎవ్వలూ కట్ అనలే," అని నా పక్షాన నిలబడింది. వాళ్లంతా జూనియర్ ఆర్టిస్టులు. లెక్చరర్ ఏమన్నా తల ఊపమని వాళ్లకు ఆదేశం.

లెక్చరర్ వేషం వేయాల్సిన మనిషి బోరబండ నుంచి ఆలస్యంగా వచ్చి, దారి తప్పి స్టాఫ్ రూములోకి పోతే, అక్కడ మా హెడ్డు ఆయన్ను నేననుకుని నా కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించి అందరికీ పరిచయం కూడా చేశాడట. లెక్చరర్‌లా అయితే ఆయనే ఉన్నాడని మా హెడ్డు రిటైరయ్యేదాకా అంటూనే ఉన్నాడు.

ఇవన్నీ తలచుకుంటూ అదే మూలగది తలుపు తోశాను. గది నిండా పిల్లలు. ఒక్క బెంచీ ఖాళీ లేదు. గుండె గొంతులోకొచ్చింది, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. వెనకాలే మా అటెండర్ వచ్చి చెవిలో, "సార్, షూటింగోళ్లు. రూమ్ ఖాళీగుంటదని ఫ్యాన్ కింద కూసున్నరు. లేపమంటరా?" అన్నాడు. గుండె గొంతులోంచి దిగి ఎక్కడికి పోయిందో తెలియలేదు. వద్దన్నాను. ఖాళీ బెంచీలకు చెప్పడం కంటే ఇది నయం.

అదే ఛందస్సు, అదే బోర్డు. గురువు ఇది, లఘువు ఇది. పాపం, ఈ పిల్లలకెవరూ చెప్పకపోయినా, అలవాటు కొద్దీ కాబోలు, అందరూ తల ఊపుతున్నారు. ఆ ఊగే తలల మధ్య ఊగని తల కోసం వెతుకుతున్నాను. పరీక్షల విభాగం ఏసీ చల్లదనం వెన్నులో తెలుస్తూనే ఉంది.

అప్పుడు గోడ పక్కనుంచి ఒక గొంతు విసుగ్గా, "సార్, ఇది ఎగ్జామ్ల వస్తదా?" అంది.

ఎప్పుడూ నాకు ఒళ్లు మండించే ప్రశ్న. ఆ పిల్ల కంటి కింద మిగతావాళ్లలా పౌడరు లేదు, కాళ్ల దగ్గర సంచీ, చేతిలో ఫోను, మొహంలో నా మీద ఏ గౌరవమూ లేదు. సందేహం లేదు, అసలైన విద్యార్థినే.

మన తరంలో పాఠానికి తల ఊపడం మర్యాద, అడగడం పొగరు. ఇప్పుడు బండరాళ్లు పోయి అద్దాల మేడలొచ్చాయి, మూగ షాట్లు పోయాయి, నా గొడుగు ఏ బస్సులో పోయిందో. తల ఊపేవాళ్ల కోసం ఇన్నేళ్లు ఆశపడ్డ నాకు, చివరికి ఊపని తల ఒక్కటే మిగిలింది. ఆ ప్రశ్నపత్రం నేను వెళ్లిపోయాక ఎవరో తయారు చేస్తారు. అందులో ఏముంటుందో నాకేం తెలుసు?

వస్తుందమ్మా అన్నాను, తప్పకుండా వస్తుంది.