శైలజ గొంతు

ఈ రోజు గోదావరిఖనిలో మా డిగ్రీ క్లాసుకు ఒక నవల చెబుతున్నాను. ఒక అమ్మాయి పెరిగి పెద్దయ్యే కథ. మొదట్లో గుసగుసగా మాట్లాడే ఆ పిల్ల, చివరికి వీధంతా వినేలా మాట్లాడుతుంది. గొంతే ప్రతీక, అది మారడమే పాత్ర ఎదుగుదల అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను.

తర్వాత ఒక ప్రశ్న అడిగితే శైలజ లేచింది. గని కార్మికుడి కూతురు. "జర గట్టిగ చెప్పు తల్లీ" అని నేను రోజూ విసుక్కునే పిల్ల. కొన్నాళ్లు కాలేజీకి రాక, ఈ వారమే మళ్లీ వచ్చింది. ఈ రోజు ఆమె జవాబు వెనక బెంచీ దాకా ఖంగున వినబడింది. నాకు ఎంత సంబరమో! "చూసిండ్రా, మన శైలజ గూడ నవలల పిల్ల లెక్కనే ఎదిగింది" అని అందరిచేతా చప్పట్లు కొట్టించాను.

చప్పట్లు ఆగాక ఆమె అంది:

"గదేం కాదు మేడం. మా బాపు నైట్ షిఫ్టు చేసొచ్చి పొద్దంత పండుకునేటోడు. నిద్ర చెడ్తదని ఇంట్ల అందరం మెల్లగనే మాట్లాడేటోళ్లం. పోయిన నెల బాపు చనిపోయిండు. ఇప్పుడు మా ఇంట్ల పగలు ఎవ్వరు పండుకుంటలేరు."

బోర్డు తుడిచేసి, క్లాసు ముందే వదిలేశాను. ఇన్నేళ్లుగా చెబుతున్న పాఠం రేపు ఏ మొహంతో చెప్పాలో తెలియడం లేదు.

ఇక్కడి గని కార్మికుల క్వార్టర్లలో పెరిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మీ ఇంట్లో పగటిపూట గట్టిగా మాట్లాడటం ఎప్పుడు మొదలైంది?