చేపకొచ్చిన జ్వరం

మా చిన్నప్పుడు... కెలమంగలంలో మా ఇంటి వసారాలో ఒక చిన్న గాజు తొట్టి ఉండేది. అందులో ఒకే ఒక గోల్డ్‌ఫిష్. పేరు బంగారి. దాన్ని పలకరించకుండా బడికి పోయేదాన్ని కాదు...

పక్క గదిలో పట్టుపురుగులు. వాటి మంచిచెడ్డలన్నీ మా అవ్వే చూసేది. పురుగు కుబుసం విడిచే ముందు మేత మాని కదలకుండా ఉంటుంది. దాన్నే మావాళ్లు జ్వరం అంటారు. జ్వరానికి కూర్చున్న పురుగును ముట్టకూడదు, ఆకు వేయకూడదు. అదే లేస్తుంది.

ఒకసారి నాన్నతో హోసూరు పోయినప్పుడు, నీలం రంగు ఫైటర్ చేపను చూసి అది కావాల్సిందేనని మొండికేశాను. నాన్న డబ్బులిచ్చి టీ తాగడానికి పోయాడు. అంగడాయన చేపను కవర్లో వేస్తూ, "దీన్ని ఒంటిగా పెట్టాలమ్మా. పక్క చేప తోక కొరికేస్తాది" అన్నాడు.

బుద్ధిగా తల ఊపాను...

ఇంటికి రాగానే అవ్వ అడిగింది. పెద్ద పురుగుల్లో చిన్నవాటిని కలపని మనిషి కదా! "రెండూ ఒకటిగా ఉంటాయంటనా?"

"ఉంటాయంట అవ్వా!"

ఎంత గడుసుదాన్నో చూడండి!

రెండో రోజుకే బంగారి తోక చీలికలైంది. మూడో రోజు మేత ముట్టకుండా అడుగున ఒక మూలకు చేరింది. నాకు ఒకటే ఏడుపు. నిజం చెబితే ఫైటర్‌ను తిరిగి ఇచ్చేస్తారని భయం...

అవ్వ వంగి చూసింది. "ఏడవద్దమ్మా, జ్వరానికి కూర్చున్నాది. తోకదీ కుబుసమే. ఎవురూ ముట్టుకోవద్దండి, రేపు లేస్తాది సూడు."

లేవలేదు.

ఫైటర్ మాత్రం తొట్టిలో దర్జాగా తిరుగుతూనే ఉంది. అవ్వ ఆ పూట అన్నం తినలేదు. "నా మాట వినే కదమ్మా అది పోయినాది..." అని ఎన్నేళ్లు బాధపడిందో! ఆమె పోయేదాకా నేను నోరు విప్పలేదు.

ఇప్పుడు హోసూరులో మా ఇంట్లో నాలుగడుగుల తొట్టి ఉంది. గప్పీలు, మాలీలు... అన్నీ సాధువులే. కొత్త చేపను తెస్తే కొన్నాళ్లు వేరే తొట్టిలో ఉంచి, రోగం లేదని తేలాకే కలుపుతాను. ఏదైనా మూలకు చేరితే ముందు దాని పక్కన తిరిగేవాటిని చూస్తాను.

కెలమంగలం ఇంట్లో ఇప్పుడు పురుగులు లేవు. జ్వరమంటే మా పిల్లలకు మాత్రలే గుర్తొస్తాయి...

అవ్వా, బంగారికి జ్వరం రాలేదు. నేనే అబద్ధం చెప్పాను.

మీకూ ఇలా చెప్పకుండా ఉండిపోయిన మాట ఏదైనా ఉందా? ఉంటే ఇక్కడ రాయండి... కానీ ఆ మనిషి ఇంకా ఉంటే, ముందు వాళ్లకే చెప్పండి.