వంకరగా లేని తలపాగా

మిషిగన్‌లో ఎమ్మెస్ చేసేటప్పుడు నా రూమ్మేట్ తలపాగా కట్టుకునే సిక్కు అమ్మాయి. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగింది. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే, తిట్లు మాత్రం ఎవరి భాషలో వాళ్లవి. తలపాగా గుడ్డ ఐదు గజాలుంటుంది. చుట్టుకునే ముందు ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగి మడతపెట్టాలి. ఉతికిన చీరలు అమ్మతో కలిసి మడిచిన చేతులు కదా నావి, ఆ ఉద్యోగం నాకే వచ్చింది. జీతం ఆమె వండే రాజ్మా.

న్యూయార్క్‌లో జంట భవనాలు కూలిన మరుసటి చలికాలం, పార్కింగ్ లాట్‌లో ఒక సిక్కు కుర్రాణ్ణి తలపాగా చూసి ఎవరో కొట్టారు. యూనివర్సిటీ నోరు మెదపలేదు. ఈమె సంతకాలు సేకరించి లైబ్రరీ మెట్ల మీద సభ పెట్టింది. సభకు రెండ్రోజుల ముందు మా తలుపు కిందనుంచి ఓ కాగితం వచ్చింది: మాట్లాడితే ఇంటికి తిరిగి రావు, అని. పోలీసాయన వచ్చి చదివి, ఆ ఒక్కరోజుకీ తలపాగా బదులు ఉన్ని టోపీ పెట్టుకోమని సలహా ఇచ్చాడు. ఈమె ఆయనకు టీ ఇచ్చి పంపేసింది.

నా గుండెల్లో మాత్రం రాయి పడింది. సగం ఆమె కోసం, సగం నా కోసం. ఆ తలుపు నాది కూడా కదా. ఫోన్‌లో చెబితే మా అమ్మ ఒకటే మాట అంది: "ఆ పిల్లని ఎట్టాగైనా ఆపవే. నువ్వు మాత్రం గడప దాటమాకు."

బతిమాలితే వినే రకం కాదు. సభ పదింటికి. బస్సు తొమ్మిదిన్నరకి, ఇంకోటి మళ్లీ గంట తర్వాతే. మా అద్దమేమో అరచేయంత. తలపాగా కుదిరిందా లేదా అని ఆమె రోజూ నన్నే అడిగేది. ఆ ఉదయమూ అడిగింది.

"ఎడంపక్క కొంచెం వంకరగా ఉంది," అన్నాను.

విప్పింది. మళ్లీ కొసలు పట్టుకున్నాం, మళ్లీ చుట్టుకుంది. ఈసారి కుడిపక్క అన్నాను. మూడోసారి వెనకాల మడత బాగాలేదన్నాను. ఆమె బుద్ధిగా విప్పుతుంటే లోలోపల తెగ మురిసిపోయాను. కిటికీలోంచి బస్సు వెళ్లిపోవడం చూశాక, "ఇప్పుడు భలే కుదిరింది," అన్నాను.

"మొదటిసారే కుదిరింది," అందామె. "పదేళ్లుగా కట్టుకుంటున్నా, చేత్తో తడిమితే తెలీదా?"

"మరి ఎందుకు విప్పావు?"

"నాక్కూడా కాస్త లేటయితే బాగుండనిపించింది."

రెండ్రోజులుగా ఆ ఇంట్లో భయపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. సిగ్గేసింది.

నడిస్తే నలభై నిమిషాలు, అదీ మంచులో. ఆలస్యమైనా ఆగుతారులే అంటూ ఆమె బూట్లు తొడుక్కుంది. లేసులు ఎంతకీ ముడిపడటం లేదు. నేను వంగి ఆ ముళ్లు వేశాను. తర్వాత నా బూట్లు వెతుక్కున్నాను.