తొమ్మిదిన్నరకు ముందు చెప్పిన అంకె

మా ఆఫీసులో ఆయన్ని అందరూ దశాంశం అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆయనకు కూతురు పుట్టినప్పుడు నర్సు బయటికి వచ్చి బరువు మూడు కిలోలని చెబితే, "సుమారుగానా, కచ్చితంగానా?" అని అడిగాడట. నిప్పులాంటి మనిషని పేరు. నిప్పు పక్కన కుర్చీ వేసుకుని పదకొండేళ్లు కూర్చున్నదాన్ని నేను, ఆ వేడి ఎలా ఉంటుందో నన్నడగాలి.

ఆయనది గణాంకాల విభాగం, నాది సబ్సిడీ చెల్లింపుల బల్ల. మధ్యలో నడుమెత్తు చెక్క అడ్డు. కరెంటు కారు కొన్నవాళ్లు ఇంటి గోడకు చార్జింగ్ పెట్టె బిగించుకుంటే ప్రభుత్వం కొంత సబ్సిడీ ఇస్తుంది. బిగించిన ఎలక్ట్రీషియన్ ఫొటో తీసి, పెట్టె నంబరు వేసి, ఇంటివాళ్ల సంతకంతో దరఖాస్తు మాకు పంపుతాడు. అన్నీ సరిగ్గా ఉంటే నేను చెల్లింపు మీట నొక్కుతాను. నొక్కిన తేదీతో అది పట్టికలో ఒక వరస అవుతుంది. మూడు నెలలకోసారి ఆ వరసలన్నీ దశాంశం దగ్గరికి వెళ్తాయి. ఒకే ఇల్లు రెండుసార్లు పడితే ఒకటి కొట్టేస్తాడు. ఏ ఇల్లు ఏ జిల్లాదో చూస్తాడు. జిల్లా మొత్తంలో ఐదు కూడా లేకపోతే, అవి ఎవరి ఇళ్లో జనం పోల్చుకోకుండా అంకె బదులు గీత పెడతాడు. ప్రభుత్వ సాయంతో దేశంలో ఇన్ని చార్జింగ్ పెట్టెలు వచ్చాయని పేపర్లో పడే అంకె అలా పుడుతుంది. నిజానికి అది గోడలకు బిగిసిన పెట్టెల లెక్క కాదు. నా వేలు ఎన్నిసార్లు మీట నొక్కిందో ఆ లెక్క.

ఈ సంగతి ఆయనకు తెలియనిది కాదు. పట్టిక అడుగున మూడో గమనిక రాసింది ఆయనే. "ఇవి చెల్లింపు తేదీ ప్రకారం ఇచ్చిన అంకెలు. చెల్లింపులు ఆలస్యమైతే అంకె తగ్గినట్టు కనిపించవచ్చు." ఆ ఒక్క వాక్యం కోసం వారం రోజులు మా ప్రాణాలు తోడేశాడు, 'తగ్గవచ్చు' అనాలా, 'తగ్గినట్టు కనిపించవచ్చు' అనాలా అని. ఎవరైనా ఫోన్ చేసి అనుమానం అడిగితే ఆయన మొదటి మాట "మూడో గమనిక చూడండి".

ఇంకో నియమం ఉంది. అంకెలు గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు బయటికొస్తాయి. అంతకు ముందు చూడగలిగేది ఐదుగురే, ఆ ఐదుగురూ ఎవరికీ చెప్పబోమని సంతకం పెట్టాలి. ఒకసారి పై నుంచి ఎవరో పెద్దమనిషి ఫోన్ చేసి, "పెరిగిందా తగ్గిందా, అదొక్కటే చెప్పవయ్యా" అంటే, "గురువారం అందరితో పాటు చూడండి సార్" అని పెట్టేశాడు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో కట్టుకున్న పెళ్లానికి కూడా ఒక్క అంకె జారవిడవలేదు.

ఆయనకు ఒక తమ్ముడున్నాడు. పన్నెండేళ్లు చిన్న. తల్లీ తండ్రీ తొందరగా పోతే ఆయనే పెంచాడు. బడి కాగితాల మీద తండ్రి సంతకం చేయాల్సిన చోట ఈయన సంతకమే ఉండేది. ఆ తమ్ముడు ఎలక్ట్రీషియన్, బిగించేది ఈ చార్జింగ్ పెట్టెలే. చెప్పులు కొనాలన్నా అన్నయ్యని అడిగే రకం. పిల్లాడి తండ్రయ్యాక కూడా మారలేదు.

ఆ ఏడాది నాకు మోకాలి ఆపరేషన్ అయింది. ఎనిమిది వారాలు సెలవు. నా బదులు ఒకర్ని వేస్తామన్నారు. వెయ్యలేదు. దశాంశం మా ఇంటికి ఆపిల్ పండ్లు పట్టుకుని వచ్చి, పది నిమిషాలు కూర్చుని, మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందని అడిగి వెళ్లిపోయాడు. నేను కర్ర పట్టుకుని తిరిగి వచ్చేసరికి మూడు నెలల గడువు దాటిపోయి పది రోజులైంది, నా బల్ల మీద మూడు వేల పైచిలుకు దరఖాస్తులు పేరుకున్నాయి. అవన్నీ బిగించేసిన పెట్టెలే. వాటితో కార్లు కూడా నడుస్తున్నాయి. మా లెక్కలో మాత్రం అవి ఇంకా పుట్టలేదు.

బుధవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో స్తంభం వెనక కాలు చాపుకుని టీ తాగుతున్నాను. స్తంభానికి అవతలి బల్ల దగ్గర దశాంశం, ఎదురుగా తమ్ముడు. తమ్ముడి చొక్కా నిండా గోడ పొడి.

"మేస్త్రి మానేస్తున్నాడు అన్నయ్యా. షాపు నన్ను తీసుకోమంటున్నాడు. ముగ్గురు పనివాళ్లు, వ్యాను, లైసెన్సు, అన్నీ. సాయంత్రంలోగా చెప్పాలి. నేను కాదంటే గుండుగాడికి ఇచ్చేస్తాడు."

"గుండెవరు?"

"నాతో చేస్తాడే, వాడు. గోడలో వైరుందా పైపుందా చూడకుండా డ్రిల్లు దింపేస్తాడు చూడు."

"నీకేమనిపిస్తోంది?"

"చెయ్యాలనే ఉంది. పదిహేనేళ్లు ఒకడి కింద చేశాను. కానీ ఈ పని ఇలాగే ఉంటుందా, పడిపోతుందా అని భయం. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఒకటేనంటారు కదా. ఒక్క మాట చెప్పు చాలు."

"రేపు తొమ్మిదిన్నరకి చెప్తాను."

"రేపటికి ఇంకేముంటుంది అన్నయ్యా? గుండుగాడి చేతిలో తాళాలుంటాయి."

దశాంశం కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. తగ్గించినా నాకు వినబడింది.

"వద్దురా. సగానికి పడిపోయింది. నేనే నమ్మలేక మూడుసార్లు చూశాను."

"మా షాపులో పని తగ్గలేదే?"

"మీ షాపే దేశమా? ఒక్క షాపుని చూసి లెక్కలు కట్టకూడదు."

"అదీ నిజమేలే. మీ వాళ్ల దగ్గర్నుంచి సబ్సిడీ కూడా రెండు నెలలుగా లేటవుతోంది."

"చూశావా? అదీ ఒక లక్షణమే. నెత్తిన బండ పెట్టుకోకు."

ఎదురుగా ఉన్నవాడు జవాబు పళ్లెంలో పెట్టి అందించాడు. ఈయన దాన్ని పక్కకి నెట్టేశాడు. మూడో గమనిక రాసిన మనిషి, నా మోకాలికి ఆపిల్ పండ్లు తెచ్చిన మనిషి! ముక్కు మీద కళ్లద్దాలు పెట్టుకుని ఇల్లంతా వెతికేవాళ్లని చూశాను గానీ, ఇలాంటివాణ్ని చూడలేదు. ఇరవై రెండేళ్లు అంకెలు కాపలా కాసి కాసి, అవి ఎక్కణ్నుంచి వస్తాయో మర్చిపోయాడు.

నేను లేచి "అవన్నీ నా బల్ల మీదే ఉన్నాయండీ" అంటే అయిపోయేది. అనలేదు. ఎందుకని ఎన్నోసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. వినకూడని అంకె విన్నానని భయం కొంత. నేను పడుకున్న ఎనిమిది వారాల పాపం నా నోటితో నేనే ఎందుకు చెప్పుకోవాలన్న రోషం కొంత. కానీ అసలు సంగతి వేరు. అంతకు ముందు సంవత్సరం నేను ముప్పై రోజుల నెలకు ముప్పై ఒకటో తేదీ కొట్టానని, మా పెద్దసారుకి కూడా చేరేలా ఉత్తరం పంపాడు దశాంశం. ఆ నిప్పులాంటి మనిషి నా కళ్ల ముందు నియమం తప్పుతుంటే చూడటం నాకు బాగుంది. చల్లారిపోయిన టీ పూర్తిగా తాగాను.

సాయంత్రం తమ్ముడు మేస్త్రితో కాదన్నాడు. గుండు తాళాలు తీసుకున్నాడు. మర్నాడు పేపర్లన్నీ ఒకటే పాట, చార్జింగ్ పెట్టెలు సగానికి సగం అని. తమ్ముడు అన్నకి ఫోన్ చేసి, "నువ్వు లేకపోతే మునిగిపోయేవాణ్ని అన్నయ్యా" అన్నాడు. దశాంశం కళ్లద్దాలు తుడుచుకోవడం నేను చెక్క అడ్డు మీంచి చూశాను. అప్పటికి నేను రోజుకి నూట యాభై చొప్పున నొక్కుతున్నాను.

మూడు నెలల తర్వాత వరసలు ఆయనకు చేరాయి. పాతవీ కొత్తవీ కలిసి, పథకం పుట్టినప్పటి నుంచీ ఎన్నడూ లేనంత అంకె. ఆయన కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇవన్నీ... వెనకటివా?"

"నేను సెలవులో ఉన్నాను కదండీ. మీరే ఇంటికొచ్చి చూశారుగా."

ఆయన నా మోకాలి వైపు చూశాడు. ఏదో లెక్క వేస్తున్నట్టు పెదాలు కదిలాయి. కూర్చోమన్నాను, వినలేదు.

గురువారం అంకె బయటికొచ్చింది. మధ్యాహ్నానికి తమ్ముడు వచ్చాడు. ఈసారి క్యాంటీన్ దాకా ఆగలేదు, తిన్నగా మా అంతస్తుకే వచ్చి పేపరు బల్ల మీద పరిచాడు. గుండు అప్పటికే ఎనిమిదిమందిని పెట్టాడు, రెండో వ్యాను కొన్నాడు. ఆ ఎనిమిదిమందిలో ఈ తమ్ముడొకడు. అంతకు ముందు వారమే గుండు దింపిన డ్రిల్లుకి ఎవరింట్లోనో నీళ్ల పైపు పగిలితే, ఇంటివాళ్లకు క్షమాపణ చెప్పమని గుండు ఇతన్ని పంపాడట.

"ఇదేంటన్నయ్యా? పడిపోయిందన్నావు కదా?"

నా చెవులతో విన్నాను కాబట్టి రాస్తున్నాను, లేకపోతే నేనే నమ్మను. పెంచి పెద్ద చేసిన తమ్ముడు, పదిహేనేళ్ల ఆశ పోగొట్టుకుని ఎదురుగా నిలబడితే, దశాంశం అన్నమాట ఇది.

"మూడో గమనిక చూడు."

అలవాటు. బయటివాళ్లకి చెప్పీ చెప్పీ నోరు దానంతటదే పలికేసింది. పలికాక ఆయన ముఖం పాలిపోయింది. తమ్ముడు నిజంగానే వంగి పట్టిక అడుగున చిన్న అక్షరాలు చదివాడు. నెమ్మదిగా చదివాడు, రెండుసార్లు.

"ఎవరు రాశారిది?"

"నేనే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

దశాంశం కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆ జవాబు నా దగ్గర ఉంది. నేను తల వంచుకుని మీట నొక్కుతూ కూర్చున్నాను, ఆ రోజు కూడా.

తమ్ముడు అరవలేదు, తిట్టలేదు. పేపరు మడిచి అక్కడే వదిలేసి మెట్లు దిగి వెళ్లిపోయాడు. తర్వాత అన్న ఇంటికి రాలేదు. వదిన కబురు పెడితే పనుందన్నాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఇప్పటికి మూడేళ్లైంది. దరఖాస్తుల్లో పెట్టె నంబరు తప్పుగా ఉన్నవాటికి మూడు నెలలకోసారి దశాంశమే షాపులకు ఫోన్ చేసి సరిచూసుకుంటాడు. గుండు షాపులో చదవడం రాయడం బాగా వచ్చినవాడు తమ్ముడొక్కడే, కాబట్టి ఆఫీసు ఫోనుకు అతనే పలుకుతాడు. ఈ పని వేరేవాళ్లకి ఇస్తామని పెద్దసారు రెండుసార్లు అన్నాడు. దశాంశం ఒప్పుకోలేదు. ఆ షాపుని ఆఖరికి ఉంచుకుంటాడు. వినబడాలని ఫోన్ స్పీకర్లో పెడతాడు, వయసు మీద పడి చెవి మందగించింది.

మొన్న కూడా చేశాడు. తమ్ముడు తప్పుపడిన నాలుగు పెట్టె నంబర్లూ ఒక్కో అంకె విడదీసి చెప్పాడు. "రాసుకున్నారా సార్?" అన్నాడు.

"రాసుకున్నానురా. పిల్లాడు బడికి వెళ్తున్నాడా?"

అటువైపు ఎక్కడో గోడకు డ్రిల్లు దింపుతున్న చప్పుడు.

"ఇంకేమైనా వివరాలు కావాలా సార్?"

"వద్దు" అన్నాడు దశాంశం. "అంతే."

ఫోన్ పెట్టేసి, నాలుగు నంబర్లూ పట్టికలో ఎక్కించాడు.