బూడిద రంగు వేసింది నేనే

2022. మదనపల్లెలో మేడమీద రెండు గదుల ఆఫీసు మాది. ఆసుపత్రుల ల్యాబ్‌లకు రిపోర్టులు అచ్చువేసే సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఇన్నేళ్లలో పెద్ద పెద్ద పనులే చేశానని నా నమ్మకం. కానీ మనసులో ముల్లులా ఉండిపోయింది మాత్రం అక్షరాలకు రంగులు వేసిన చిన్న పని.

మా సాఫ్ట్‌వేర్‌కు ప్రాణం రూల్స్ ఫైలు. "ఫలానా పరీక్షలో అంకె ఇంతకంటే తగ్గితే రిపోర్టులో హెచ్చరిక గుర్తు వేయి" అనే ఆదేశాలు వరుసకొకటి అందులో ఉంటాయి. వాటిని రాసేది నాలాంటి ప్రోగ్రామర్లు కాదు, ల్యాబ్ పని తెలిసినవాళ్లు. మిషన్ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన సుశీలమ్మ గారు ఆ ఫైలును మొదటినుంచీ రాశారు. వయసు మీదపడ్డాక పుంగనూరులో ఇంటిపట్టునే ఉంటూ వారానికొకసారి బస్సులో వచ్చిపోయేవారు. ఆమె స్థానంలో అనిత చేరింది. పెద్దమండ్యం పిల్ల, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. అమ్మానాన్నలు కూలికి వెళతారు. ఆ ఇంట్లో మొదటి నెలజీతం ఈమెదే. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ప్రొబేషన్‌లో ఉంది.

ఫైలు మొత్తం ఒకే నల్లరంగులో ఉండేది. చదివితే కళ్లు లాగేవి. అందుకని ఆ ఫైలు రాసుకునే మా ఎడిటర్‌లో సింటాక్స్ హైలైటింగ్ పెడతానన్నాను. అంటే రాసిన దాంట్లో ఏది ఏ రకమో కనిపెట్టి, ఒక్కో రకానికి ఒక్కో రంగు వేయడం. ఆదేశాల మాటలు నీలం, అంకెలు నారింజ, రిపోర్టులో పడే మాటలు పచ్చ. ఒక్కోదాన్ని గుర్తుపట్టడానికి ఒక్కో ప్యాటర్న్ రాయాలి. ఇక కామెంట్లు. ఇవి మనిషి కోసం మనిషి రాసిపెట్టే మాటలు. కంప్యూటర్ వాటిని చదవదు, దాటుకుని పోతుంది. చాలా ఎడిటర్లలో వాటికి లేత బూడిద రంగు ఉంటుంది. నేనూ అదే వేశాను. దాని గురించి అర నిమిషం కూడా ఆలోచించలేదు. ఫైలు తెరిచి చూసుకుని మురిసిపోయాను, అందరినీ పిలిచి మరీ చూపించాను.

రెండు వారాలకు కుప్పం నుంచి ఫోను వచ్చింది. అక్కడ ఒక చిన్న ఆసుపత్రిలో మా సాఫ్ట్‌వేరే వాడతారు. పుట్టి రెండు రోజులైన బిడ్డ పాలిపోయి ఉంటే రక్తపరీక్ష చేశారు. హిమోగ్లోబిన్ పెద్దవాళ్లకైతే సరిపోయేంత ఉంది, కానీ పసిబిడ్డకు అది తక్కువ. మా రిపోర్టు మాత్రం ఏ గుర్తూ వేయకుండా అంతా బాగుందన్నట్టు అచ్చయింది. అక్కడి టెక్నీషియనమ్మ బిడ్డను కళ్లారా చూసింది కాబట్టి కాగితాన్ని నమ్మక డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. బిడ్డ బతికి బాగుంది. ఆ కబురు వినేదాకా నేను ఫోను వదల్లేదు.

కారణం వెతికితే గంటలోపే దొరికింది. పసిబిడ్డలకు ఫైలులో రెండు వరుసలుండేవి. నెలలోపు వయసుంటే పసిబిడ్డ లెక్కలు వాడమని ఒకటి, పేరు ముందు 'బేబీ ఆఫ్' అని ఉంటే వయసు చూడకుండా పసిబిడ్డ లెక్కలే వాడమని ఇంకొకటి. రెండూ ఒకే పనికే కదా అని అనిత రెండోదాన్ని తీసేసింది. పేరు పెట్టని బిడ్డను కుప్పంలో 'బేబీ ఆఫ్' అని తల్లి పేరుతో చేర్చుకుంటారు. వయసు గడిలో కూడా తల్లి వయసే పడుతుంది. ఆ వరుస లేకపోయేసరికి రెండు రోజుల బిడ్డ మా కంప్యూటర్‌కు ఇరవై రెండేళ్ల మనిషైపోయింది.

మా యజమాని రెడ్డెప్ప గారు మంచివారే, కోపం వస్తే మాత్రం ఆగరు. "సూడప్పా, ఆడ ఉండేది పసిబిడ్డ. అక్షరం తప్పు పోయిందని సర్దుకునే యవ్వారమా ఇది? ఆ పిల్లని సోమవారం నుంచి రావద్దని సెప్పెయ్" అన్నారు. నేను సరేనన్నాను. ఆ "సరే" అన్న నోటిని ఇప్పటికీ తిట్టుకుంటాను. ఎందుకంటే అనిత చేసిన మార్పును చూసి ఒప్పుకున్నది నేను. ఆ ముక్క ఆయనకు చెప్పలేదు.

వెళ్లేసరికి అనిత కిటికీ పక్కన తన సీటులో ఉంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నాకు తెలిసిపోయిండాది సార్. మా నాయన ఊరంతా సెప్పుకుంటాండాడు, మా బిడ్డ ఆఫీసులో ఉండాదని. ఇంటికిపోయి ఏమని సెప్పేది?"

"ఆ వరుస మీద సుశీలమ్మ గారు రాసింది చదవలేదామ్మా?"

"యాడ సార్?"

ఆమె స్క్రీన్ వైపు వంగాను. పాత మానిటర్, మీద కిటికీ వెలుతురు. నీలం, నారింజ, పచ్చ నిగనిగలాడుతున్నాయి. వాటి మధ్య తీసేసిన వరుస ఉన్న చోట కామెంట్ ఒక్కటే మిగిలింది. "కుప్పంలో బిడ్డకు తల్లి వయసు వేస్తారు. ఈ వరుస తీయొద్దు." ముక్కు అద్దానికి ఆనించినంత పని చేస్తే గానీ చదవలేకపోయాను.

అనిత మెల్లగా అంది. "మసగ్గా ఉండేవన్నీ పన్లేనివి కదా సార్? పాతబడిపోయినాయని మీరే మాపేసినారనుకుంటి."

ఆ పిల్ల తప్పేముంది? దీన్ని చూడనక్కర్లేదని రంగుతో చెప్పింది నేను. ఆమె నా మాట విన్నది, అంతే.

రెడ్డెప్ప గారి గదికి తిరిగి వెళ్లాను. "సార్, ఆ మార్పు చూసి సరేనన్నది నేను. హెచ్చరిక కనబడకుండా చేసిందీ నేనే. పంపిస్తే నన్ను పంపించండి" అన్నాను. "ఈ మాట పొద్దున యాల సెప్పలేదప్పా?" అన్నారు. భయమేసింది, ఇంకేముంది.

అనిత ఉద్యోగం నిలిచింది. ఆ వారం సుశీలమ్మ గారు వచ్చినప్పుడు జరిగిందంతా చెప్పాను. ఆమె కోప్పడలేదు, అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. "మా ల్యాబ్ రిజిస్టర్లో ఎర్రసిరా దేనికి వాడతాము నాయనా? ఎవురూ మర్సిపోగూడని దానికి. నేను ఈ కామెంట్లు రాసిందీ అందుకే. నువ్వేమో వాటికి బూడిద పూసి పెట్టినావు" అన్నారు.

అనితనూ పిలిచి ముగ్గురం కూర్చుని రంగుల రూల్ మార్చాం. ఆశ్చర్యార్థకం గుర్తుతో (!) మొదలయ్యే కామెంట్ ముదురు ఎరుపులో, లావు అక్షరాల్లో కనబడుతుంది. వారంలోపే అందరూ అన్నిటికీ ఆ గుర్తు పెట్టేసి ఫైలును కుంకుమ బరిణె చేశారు. అప్పుడు అనితే ఒక కట్టడి పెట్టింది. "ఇది సదవకపోతే రోగికి దెబ్బ తగలాల. అట్లయితేనే ఎరుపు." దాన్ని ఎవరూ దాటలేదు.

కామెంట్‌ను కంప్యూటర్ చదవదు, నిజమే. అందుకే మనిషికి బాగా కనబడాలి. ఇంత చిన్న సంగతి నాకు తెలియడానికి ఒక బిడ్డ ప్రాణం మీదికి రావాల్సి వచ్చింది, ఒక పిల్ల ఉద్యోగం పోబోయింది. ఇప్పుడు ఏ రంగు వేసినా, దాన్ని చూసేవాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల మానిటర్‌లోనే ఒకసారి చూస్తాను.

ఆ వరుసను అనిత తన చేత్తోనే తిరిగి రాసింది. పైన సుశీలమ్మ గారి మాట ఎర్రగా ఉంది. దాని కింద తనూ ఒకటి రాసింది. "ఒకసారి నేను దీన్ని తీసేసినాను. మీరు తీయొద్దండి. అనిత." ఆమె ఇంటికి వెళ్లాక ఆ ఫైలు తెరిచి, కింద ఇంకో ఎర్ర వరుస చేర్చి నా పేరు పెట్టాను. "నేనూ చూసి సరేనన్నాను."