గాడిద కరిచిన మచ్చ, డాక్టరు కోసిన మచ్చ

పందొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లో నేను గుంటూరులో ఒక ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గా ఉండేవాణ్ణి. మా పెద్ద డాక్టరుగారికి రెండు విషయాల్లో గర్వం. ఒకటి ఆయన ఇంగ్లీషు, రెండోది ఆయన కుట్టు. మొదటిది రోగులకు అర్థమయ్యేది కాదు, రెండోది కనపడేది కాదు. "నేను కుట్టు వేస్తే మచ్చ వెతుక్కోవాలయ్యా!" అనేవారు. మేము తలలూపేవాళ్ళం. తలూపడం కూడా మా ఉద్యోగంలో భాగమే.

ఆ వేసవిలో ప్రత్తిపాడు నుంచి ఒక చాకలాయన వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. తొడలో నిమ్మకాయంత గడ్డ. నొప్పి లేదు గనక ఏడాదిపాటు పట్టించుకోలేదట. పెద్ద డాక్టరుగారు చిన్న కోత పెట్టి, గడ్డలోంచి ముక్క తీసి, తన ప్రసిద్ధమైన కుట్టు వేశారు. ముక్క పరీక్షకు మద్రాసు వెళ్ళింది. రిపోర్టు నెల దాటాక వచ్చింది: చెడ్డ గడ్డ.

చెడ్డ గడ్డతో ఒక చిక్కుంది. ముక్క తీసిన దారిలో క్యాన్సరు కణాలు రాలి ఉండవచ్చు. అందుకని ఆ పాత కోతను కూడా, చుట్టూ కొంత మంచి చర్మం కలుపుకొని, గడ్డతోపాటు ఒకే ముక్కగా తీసెయ్యాలి. లేకపోతే విత్తనం లోపలే వదిలేసినట్టు.

ఆపరేషను నాడు చాకలాయన తొడ చూసి పెద్ద డాక్టరుగారు, ఆయన అసిస్టెంటుగారు, నేను ముగ్గురం నిలబడిపోయాం. గడ్డ దగ్గర నాలుగైదు మచ్చలున్నాయి. కేసు షీటులో "తొడ ముందు భాగాన చిన్న కోత" అని రాసింది నేనే. అంతకు మించి రాయాలని తోచలేదు. అసిస్టెంటుగారు ఒక మచ్చ చూపించారు. నేను ఇంకోటి చూపించాను. పెద్ద డాక్టరుగారు కళ్ళద్దాలు సవరించుకొని, మూడోదాని మీద వేలు పెట్టి, "ఇదే. నా కుట్టు నాకు తెలియదూ?" అన్నారు.

మత్తు ఇంకా ఇవ్వలేదు. బల్ల మీంచి చాకలాయన గొంతు మెల్లగా వినిపించింది.

"అది గాడిద కరిచిందండి."

ఎవరికీ నవ్వే ధైర్యం లేదు.

"మరి ఆ పక్కది?" అన్నారు అసిస్టెంటుగారు.

"ఇస్త్రీపెట్టెలోంచి నిప్పు పడిందండి. తమరు కోసింది ఇదిగో, ఇది." అతను గోటితో చూపించిన చోట నిజంగానే వెంట్రుకంత గీత ఉంది. అంతటితో ఊరుకోకుండా, "గుర్తు పెట్టకుండా ఒక్క బట్టన్నా రేవులో వెయ్యం బాబుగారూ. తర్వాత ఎవరిదేదో తెలవదు గదండీ," అన్నాడు.

పెద్ద డాక్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. నేను ఊదారంగు మందు తెచ్చి ఆ గీత చుట్టూ దిద్దాను. దాన్ని మధ్యలో ఉంచి చుట్టూ కోసి, గడ్డతో సహా తీశారు. ఆ పని మాత్రం ఆయన అద్భుతంగా చేశారు, కాదనను.

మర్నాడు రౌండ్లలో గంభీరంగా ప్రకటించారు: "ముక్క తీసిన రోజే సిరాతో గుర్తు పెట్టాలని నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను." ఊదారంగు నాలుగు స్నానాలకు పోతుంది గనక, ఇకమీదట కోతకు రెండు కొసలా సూదితో నల్లసిరా చుక్క పొడవమన్నారు. ఆ పని నాకు పడింది. అన్నేళ్ళు వైద్యం చదివి పచ్చబొట్లు పొడిచేవాణ్ణయ్యాను. ఆడవాళ్ళ వార్డులో దర్శి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ చెయ్యి చాపి, "ఎటూ సూది పట్టావు గదా నాయనా, ఇక్కడో తేలుబొమ్మ పొడిచిపెట్టు," అంది.

చాకలాయన కోలుకున్నాడు. ఏడాది తర్వాత డాక్టర్ల సభలో మా పెద్ద డాక్టరుగారు ఈ సిరా పద్ధతి గురించి ముప్పావుగంట మాట్లాడి, అతన్ని వేదిక ఎక్కించి మచ్చ చూపించారు. ఆ ఊహ ఎవరిదో ఆయన చెప్పలేదు. నేనూ లేచి చెప్పలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. చివర్లో ఆయన, "ఏమోయ్, ఇబ్బందేమన్నా ఉందా?" అని దర్జాగా అడిగారు.

చాకలాయన ఆయన్ను ఎగాదిగా చూశాడు.

"కాలికేం లేదండి. తమరి కోటుకే నీలిమందు ఎక్కువైంది. ఉతుక్కి ఎవరికేస్తున్నారండీ?"