పంతులు గారి విరుగుడు చుట్లు

మనవరాలిని పరుగుపందేలకి పంపాలా వద్దా అన్న గొడవ జగన్మోహనరావు గారింట్లో ఎప్పుడో ముగిసింది. ఆయన ఓడిపోయారు. మండవల్లి పక్క ఊళ్లో శివాలయం అర్చకులాయన, ఇంట్లో అందరికీ తాతగారు. గుళ్లో ఆయన నోరు తెరిస్తే ఊరంతా వింటుంది, ఇంట్లో మాత్రం పదో తరగతి మేధ మాటే చెల్లుతుంది. ఓడినా ఒక్క పట్టు మాత్రం వదల్లేదు.

"పరిగెత్తితే పరిగెత్తు. ప్రదక్షిణంగా పరిగెత్తు. కుడిచెయ్యి చెరువు వైపు ఉండాలి."

ఇంటి వెనక చేపల చెరువు గట్టే మేధకి మైదానం. రెండేళ్లు అలాగే పరిగెత్తింది. మండల పోటీల్లో నలుగురే ఉండబట్టి నెగ్గింది కానీ, మలుపు వచ్చినప్పుడల్లా తాగినవాడి సైకిల్లా బయటికి పోయింది. మర్నాడే డ్రిల్లు మాస్టారు యూసుఫ్ ఇంటికొచ్చారు.

"పంతులు గారూ, ట్రాక్ మీద అందరూ ఎడమచెయ్యి లోపలికి ఉండేలా తిరుగుతారండీ. ఈ అమ్మాయి కాళ్లకి కుడి మలుపు తప్ప తెలీదు. ఏలూరు సెలక్షన్స్‌లో మొదటి ఇద్దరే రాష్ట్ర పోటీలకి వెళ్తారు. ఇవాళ్టి నుంచి తిప్పి పరిగెత్తించండి."

"అప్రదక్షిణంగానా మాస్టారూ? అలా తిరిగేది శ్మశానంలో."

"ఒలింపిక్స్‌లో కూడా అలాగేనండీ."

"వాళ్లకి చెప్పేవాళ్లు లేరు."

ఆ పూట తాతగారికి అన్నం సయించలేదు. "మీరు వద్దంటే మానేస్తాను తాతగారూ" అంది మేధ మొహం వేలాడేసుకుని. అలా అందంటే మానదని ఆయనకి తెలుసు. నిజంగా మానేస్తే తనే భరించలేరనీ తెలుసు. అదే ఆయన చిరాకు.

"చెరువులో చేపలు ఎటు తిరుగుతున్నాయో ఎప్పుడైనా చూశారా ఏవండీ?" అంది వెంకటసుబ్బలక్ష్మి, ఆయన భార్య, మజ్జిగ వడ్డిస్తూ.

ఆయన చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు. పొద్దున్న మేధ ఎన్ని చుట్లు ఎడమకి తిరిగితే, సాయంత్రం ఆయన అన్ని చుట్లూ కుడికి నడిచి విరుగుడు చేస్తారు.

తీర్పు చెప్పడం తేలికే. మొదటి సాయంత్రమే మోకాళ్లు మొరాయించాయి. చెరువు కాపలా వెంకట్రాజు గుడిసె ముందు కూర్చుని, "మీక్కూడా సెలక్షన్సా పంతులు గారూ?" అని అడిగాడు. తాతగారు రొప్పుతూనే చెయ్యూపి ముందుకి నడిచారు.

"రేపు కాస్త తక్కువ పరిగెత్తకూడదుటే?" అని మేధని బతిమాలారు.

"మాస్టారు ఒప్పుకోరు తాతగారూ."

తాతగారి మీద కోపం వచ్చిన రోజున ఆ పిల్ల ఇంకో రెండు చుట్లు ఎక్కువ కొట్టేది. అది యూసుఫ్ చెప్పిన లెక్కలో లేదని ఆయనకి తెలియడానికి పదిహేను రోజులు పట్టింది. తెలిశాక కూడా ఇద్దరి చుట్లూ ఆగలేదు.

ఏలూరులో పందెం మొదలయ్యాక ఆయన చూడలేకపోయారు. అంతమంది పిల్లలు కలిసి అప్రదక్షిణంగా తిరుగుతుంటే కళ్లు మూసుకున్నారు. "చివరి చుట్టండీ, మనమ్మాయి మూడోది" అన్న యూసుఫ్ మాటకి తెరిచారు. మేధకి ముందున్న తాడేపల్లిగూడెం పిల్ల మలుపులో కాస్త బయటికి జరిగింది. లోపల దారి కనిపించింది.

"ఎడమకి వాలవే! ఎడమకి!"

గుళ్లో మంత్రం చెప్పే గొంతు అది. మైదానమంతా ఇటు తిరిగి చూసింది. మేధ వాలింది, గీత అంచునే దూసుకుపోయి రెండోదిగా వచ్చింది.

ఆయన ఉత్తరీయంతో కళ్లు తుడుచుకుంటుంటే యూసుఫ్ వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నారు. "రాష్ట్ర పోటీలకి ఇంక ప్రాక్టీసు రెట్టింపండీ."

తాతగారి మొహంలో ఆనందం అక్కడే ఆగింది. "మాస్టారూ, తిన్నగా పరిగెత్తే పందేలు ఏవీ లేవా?"

"వంద మీటర్లుందండీ."

"మరి దాన్లో వెయ్యకూడదూ?"

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. మేధ పతకం అమ్మమ్మ మెళ్లో వేసి, "ఇవాళ్టివి మిగిలిపోయాయి కదా తాతగారూ" అంది.

"ఏలూరులో తిరిగినవి ఏలూరు పంతుళ్లు చూసుకుంటారు" అన్నారాయన. అంటూనే పంచె ఎగ్గట్టి, విసుక్కుంటూ గట్టెక్కారు.